తల ఊపితే రాయరు

ఆరేళ్లుగా నేను ఏడో నంబరు జ్యూరరుని.
ఇంతవరకు ఒక్క తీర్పూ ఇవ్వలేదు.
మేం పన్నెండుగురం తలలు దగ్గర పెట్టేలోపే
సబ్బుల ప్రకటన వచ్చేస్తుంది.

బర్బ్యాంక్‌లో, నాలుగో స్టూడియోలో,
మా న్యాయస్థానానికి మూడే గోడలు.
నాలుగోది ఉండాల్సిన చోట రెండొందల మంది జనం,
"నవ్వండి" అని వెలిగే ఎర్ర బల్బు.
జడ్జిగారి వెనక చట్టాల పుస్తకాలన్నీ కలిపి ఒకే అట్టముక్క.
సుత్తి మాత్రం అసలుది.

నిరుడు ఫిబ్రవరిలో స్టెనో కుర్చీలోకి
ఆర్పినే తెర్జియాన్ వచ్చింది.
అంతకుముందున్న అమ్మాయికి పొడుగు గోళ్లు, కెమెరాకి ముద్దు.
ఈవిడవి మొదలంటా కత్తిరించిన గోళ్లు.
"ఊరికే వేళ్లు ఆడిస్తే చాలు" అన్నాడు డైరెక్టరు,
"అది డొల్ల మిషన్."
మర్నాడు ఇంటి నుంచి తన మిషన్ తెచ్చుకుంది,
చంటిబిడ్డని చుట్టినట్టు తువ్వాల్లో చుట్టి.

ఇరవయ్యారేళ్లు వాన్‌నైస్ కోర్టులో
నోటి మాట నేల రాలకుండా పట్టిన వేళ్లు.
మైకులొచ్చి వాటిని ఇంటికి పంపాయి.
ఊరికే ఆడటం వాటికి చేతకాదట.
లాయరు అరటితొక్క మీద జారితే
ఆ కేక ఎన్ని దీర్ఘాలు తీస్తే
అన్ని దీర్ఘాలూ రాసేది.

"నిజం కోర్టులో సుత్తి ఇలాగే కొడతారా?"
సాండ్‌విచ్ నములుతూ అడిగాను.
"ఒక్క జడ్జి దగ్గరే చూశాను.
అక్రోట్లు పగలగొట్టుకునేవాడు."

పదకొండో ఎపిసోడ్, మేక కేసు.
పక్కింటి పెళ్లికేకు మూడంతస్తులూ మేసిన మేక
బోర్డు మీద సాక్ష్యం నంబరు నాలుగు.
సాక్షి కుర్చీలో అతిథి నటి.
"మీరు చూసింది ఈ మేకనేనా?"
పాపం, డైలాగు మింగేసింది. తల ఊపింది.
లాయరు ఆగాడు. ఆవిడ మళ్లీ ఊపింది.
ఆర్పినే మిషన్ మీంచి చూపు ఎత్తకుండానే అంది:
"పైకి చెప్పండమ్మా. తల ఊపితే రాయరు."

ఎర్ర బల్బు వెలగనేలేదు.
హాలు హాలంతా కడుపులు పట్టుకుంది.
మేక కూడా ఏదో అంది. అదీ రాసుకుంది.

ఇక ప్రతివారం ఆ మాటకి చోటు వెతకడమే రచయితల పని.
పెళ్లికొడుకు తల ఊపాడు, కుక్క ఊపింది,
ఒకసారి జడ్జిగారే ఊపారు.
కాఫీ కప్పుల మీద ఎక్కింది, టోపీల మీద ఎక్కింది.
మా మనవరాలు బళ్లో టీచరుని అదే మాట అని
గోడవైపు తిరిగి నిలబడిందట.
ఆర్పినే జీతం రెండింతలు.
నోరున్న పాత్ర మరి!
జ్యూరీ పెట్టెలో మాకు కాస్త కుళ్లు.

ఒక రాత్రి తన కారు మొరాయిస్తే
గ్లెండేల్ దాకా నేను దింపాను.
సిగ్నల్ దగ్గర, అడగకుండానే చెప్పింది:
"ఆ మాట మొదటిసారి తొమ్మిదేళ్ల పిల్లతో అన్నాను.
కుర్చీలోంచి కాళ్లు నేలకి అందడం లేదు.
వీడేనా అని అడిగారు. తల ఊపింది.
పైకి చెప్పమ్మా అన్నాను. ఊపింది.
మళ్లీ అన్నాను."

పచ్చ లైటు పడింది. వెనక ఎవడో హారన్ కొట్టాడు.
"చెప్పిందా?"
"మూడోసారికి. అవును అంది.
మా మిషన్లో ఒక్క నొక్కు చాలు దానికి."
కిటికీ వైపు తిరిగింది.
"ఎడమ పక్కకి తిప్పు, అదే మా వీధి."

మరుసటి వారం మా పెట్టెలోంచి చూస్తున్నాను.
జనం నవ్వినప్పుడల్లా ఆవిడ ఒక గుర్తు కొడుతుంది,
అదొక్కటీ నాకు నేర్పింది.
అప్పడాల కంపెనీ ఓనరు తల ఊపాడు. కాదు,
అప్పడాలు నా నోటికొచ్చిన మాట, వాడిది చిప్స్ కంపెనీ.
ఆవిడ తన మాట అంది. హాలు విరగబడింది.
ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.
నవ్వు పూర్తిగా అయ్యేదాకా ఒక్క మీటా నొక్కలేదు.
కెమెరాలు జడ్జి మీద ఉన్నాయి. ఎవరూ చూడలేదు.

సుత్తి పడింది. మేం తలలు దగ్గర పెట్టాం.
ఆ గుసగుసల్లో రోజూ మేం మాట్లాడుకునేది భోజనం గురించే.
"సెవెన్, ఏంటలా ఉన్నావ్? ఒంట్లో బాగానే ఉందా?"
ఎనిమిదో నంబరు అడిగాడు.

తల ఊపాను.

సబ్బుల ప్రకటన.